బొమ్మ కదలకూడదు, పట్టిక కదలాలి

గత నెలలో మా బృందంలో కొత్తగా చేరిన ఒక అమ్మాయి నన్ను చిన్న ప్రశ్న ఒకటి అడిగింది. మిరప ఆకుల తెగుళ్లను ఫొటోల్లోంచి గుర్తుపట్టే కంప్యూటరు మోడల్‌కు మేము జనవరిలో శిక్షణ ఇచ్చి, ఫలితాలు బాగున్నాయని నివేదిక రాశాము. ఏప్రిల్‌లో మళ్లీ నడిపితే ఫలితం బాగా పడిపోయింది. "సార్, జనవరిలో వాడిన ఫొటోలు సరిగ్గా ఏవి?" అని ఆమె అడిగింది. క్లౌడ్ బకెట్‌లో, అంటే నెట్ మీద మేము ఫైళ్లు దాచుకునే చోట, వెతికితే ఒకే పేరుకు దగ్గరగా ఉన్న రెండు ఫోల్డర్లు కనిపించాయి. ఒక సహోద్యోగి లాప్‌టాప్‌లో సైజు తగ్గించిన మరో కాపీ ఉంది. ఏ ఫొటోలో ఏ తెగులు ఉందో చెప్పే లేబుళ్లు వేయడానికి బయటి బృందానికి పంపిన జిప్ ఫైలు ఒకటి, శిక్షణ యంత్రం డిస్కులో మిగిలిపోయినది ఇంకొకటి. ఐదు చోట్లా ఫొటోల లెక్క ఐదు రకాలుగా ఉంది. ఆ రోజు ఆమెకు నేను జవాబు చెప్పలేకపోయాను.

ఆ తరువాత మూడు వారాల పాటు మొత్తం అమరికను మొదటి నుంచి కట్టుకున్నాము. ఆ పనిలో నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఒకటుంది. ఫొటోలు, వీడియోలు క్లౌడ్‌లో పెట్టుకునే ఎవరికైనా డేటాసెట్ అంటే ఫైళ్ల కుప్ప కాదు, ఆ ఫైళ్ల గురించిన పట్టిక. ఫైలు ఒక్కసారి బకెట్‌లోకి చేరాక దాన్ని జరపకూడదు, పేరు మార్చకూడదు, మీద మరొకటి రాయకూడదు. మారవలసినవన్నీ, అంటే లేబులు, విభజన (ఏది శిక్షణకు, ఏది పరీక్షకు), వడపోత, వెర్షను, పట్టికలోనే మారాలి. వినడానికి ఇది అందరికీ తెలిసిన మాటలాగే ఉంటుంది. ఆచరణలో మాత్రం మాతో సహా నేను చూసిన చిన్న బృందాలలో ఎక్కువ భాగం దీనికి తిరగేసి చేస్తున్నాయి.

ఫోల్డరు లేని చోట ఫోల్డరు

మనందరం కంప్యూటరు నేర్చుకున్నది ఫోల్డర్లతో. కాబట్టి బకెట్ తెరవగానే శిక్షణకు ఒకటి, పరీక్షకు ఒకటి, తెగులు పేరుకు ఒకటి చొప్పున ఫోల్డర్లు చేసుకుంటూ పోతాము. కానీ 2006లో మొదలైన అమెజాన్ వారి క్లౌడ్ నిల్వ ఎస్3 గానీ, ఆ తరువాత అదే తీరులో వచ్చిన నిల్వలు గానీ, మామూలు అమరికలో ఫోల్డరు అనే దాన్ని ఎరగవు. వాటికి తెలిసింది ఒక పొడవాటి పేరు, ఆ పేరుకు కట్టిన బైట్లు. పేరు మధ్యలో ఉన్న ఏటవాలు గీతను (/) చూసి తెర మీద ఫోల్డరు బొమ్మ గీసి చూపిస్తారు, అంతే. అందువల్ల ఎస్3 మామూలు బకెట్లలో "జరపడం" అనే పనే లేదు. ఒక ఫొటోను శిక్షణ ఫోల్డరు నుంచి పరీక్ష ఫోల్డరుకు జరిపామంటే, కొత్త పేరుతో ఒక కాపీ తయారైంది, పాత పేరు చెరిగింది. వేల ఫైళ్ల మీద ఈ పని నడుస్తుండగా మధ్యలో నెట్ తెగితే కొన్ని రెండు చోట్లా ఉంటాయి. మా రెండు ఫోల్డర్ల కథ ఇక్కడే మొదలైంది.

పేర్ల జాబితా అడగడం కూడా మన డిస్కులో అడిగినంత తేలిక కాదు. ఎస్3 ఒక్కసారి అడిగితే వెయ్యి పేర్ల వరకే ఇస్తుంది. లక్ష ఫొటోలుంటే ఏమేమి ఉన్నాయో తెలుసుకోవడానికే వంద సార్లు అడగాలి. ఏ ఫొటోలు వాడాలో తెలుసుకోవడానికి ప్రతిసారీ బకెట్‌నే అడిగే ప్రోగ్రాము రాయడం ఆ విధంగా కూడా తప్పే. పైగా ఆ రోజు బకెట్‌లో ఏముంటే అదే డేటాసెట్ అవుతుంది. మా జనవరి ప్రోగ్రాము సరిగ్గా అలాగే రాసి ఉంది.

విభజనను పేరులో ఇరికించడం ఎంత ఇబ్బందో చెప్పడానికి, బొమ్మలను గుర్తుపట్టే మోడళ్ల రంగంలో అందరూ వాడే కోకో డేటాసెట్ చక్కని ఉదాహరణ. 2014లో వచ్చిన విభజనలో శిక్షణకు 82,783, సరిచూడడానికి 40,504 బొమ్మలు ఉండేవి. ప్రతి ఫైలు పేరులోనూ అది ఏ వైపుదో రాసి ఉండేది. 2017లో ఆ విభజనను 1,18,287, 5,000గా మార్చారు. రెండు సందర్భాలలోనూ మొత్తం కూడితే 1,23,287 వస్తుంది. బొమ్మలు అవే, గీత ఒక్కటే జరిగింది. కానీ పేరులో విభజన ఉండిపోయినందువల్ల పేర్లన్నీ మార్చవలసి వచ్చింది. కొత్త పేర్లలో అంకెలు మాత్రమే మిగిలాయి. పాత పేర్లతో రాసుకున్న ప్రోగ్రాములు అక్కడ ఆగిపోయినా, బొమ్మకు ఇచ్చిన సంఖ్య మారలేదు కాబట్టి లేబుళ్లు చెడిపోలేదు. ఆ సంఖ్యే డేటాసెట్‌ను కాపాడింది.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా నాకు తెలుసు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వారు మన రోడ్ల మీద తీసి విడుదల చేసిన ఇండియా డ్రైవింగ్ డేటాసెట్‌లో 182 ప్రయాణాల నుంచి తీసిన 10,004 బొమ్మలు, వాటిలో కనిపించే వాటికి 34 తరగతులు ఉన్నాయి. అందులో శిక్షణ, పరీక్ష ఫోల్డర్లు వేరువేరుగానే ఉంటాయి. అది తప్పు కాదు. విడుదలైపోయిన డేటాసెట్ అచ్చయిన పుస్తకం లాంటిది, దాని పుటలు ఇక కదలవు. పైగా ఆ ఫోల్డర్ల లోపల ప్రయాణం సంఖ్యను నిలబెట్టారు. రోజూ ఫొటోలు వచ్చి చేరుతూ, వారానికొకసారి లేబుళ్లు దిద్దుకునే మా వంటి వారి పరిస్థితి వేరు.

సర్వే నంబరు లాంటి పేరు

బృందంలో ఈ సంగతి వివరించడానికి నాకు పొలం లెక్క బాగా ఉపయోగపడింది. తెలంగాణలో పహాణీ అన్నా, ఆంధ్రలో అడంగల్ అన్నా చేసే పని ఒకటే. పొలం అక్కడే ఉంటుంది. యజమాని మారతాడు, కౌలుదారు మారతాడు, మిరప వేసిన చోట మరుసటి ఏడు పత్తి వేస్తారు. ఇవన్నీ రికార్డులో మారతాయి. సర్వే నంబరు మాత్రం పొలంలో ఏం పండుతుందో చెప్పదు, చెప్పకూడదు కూడా. నంబరులోనే పంట పేరు ఉంటే పంట మారిన ప్రతిసారీ నంబరు మార్చవలసి వస్తుంది, పాత దస్తావేజులన్నీ చెల్లకుండా పోతాయి.

అందుకే ఇప్పుడు మా బకెట్‌లో ఏ ఫైలు పేరులోనూ తెగులు పేరు లేదు, ఊరి పేరు లేదు, విభజన లేదు. ఫైలు బైట్ల నుంచి లెక్కగట్టిన హ్యాష్‌నే, అంటే ఆ ఫైలుకు వేలిముద్ర లాంటి గుర్తునే, పేరుగా పెట్టాము. ఒకే ఫైలు రెండుసార్లు పంపితే రెండోసారి అదే పేరు వస్తుంది కాబట్టి నకలు తనంతట తాను ఆగిపోతుంది. ఈ హ్యాష్‌ను పంపడానికి ముందే మన దగ్గరే లెక్కగట్టుకోవాలి. నిల్వ తిరిగి ఇచ్చే గుర్తును నమ్ముకుందామని మొదట అనుకున్నాము గానీ, పెద్ద వీడియోలను ముక్కలుగా పంపినప్పుడు ఎస్3 ఇచ్చే ఆ గుర్తు మొత్తం ఫైలు హ్యాష్ కాదని తరువాత తెలిసింది.

హ్యాష్ అన్నింటినీ పట్టుకోదు. ప్రత్తిపాడు వైపు తిరిగే మా క్షేత్ర సిబ్బందిలో ఒకరు సిగ్నల్ సరిగా లేని రోజుల్లో ఫొటోలను వాట్సాప్‌లో తోటివారికి పంపి, వారి ఫోను నుంచి ఎక్కించమనేవారు. వాట్సాప్ ఫొటోను కుదిస్తుంది, తీసిన సమయం, స్థలం వంటి వివరాలను తీసేస్తుంది. తరువాత అసలు ఫొటో కూడా వచ్చి చేరుతుంది. కంటికి రెండూ ఒకటే, బైట్లకు వేరు. వాటిని పట్టుకోవడానికి హ్యాష్ చాలదు, బొమ్మల పోలికను కొలిచే పనిముట్టు కావాలి.

పనిముట్టు ఏం చేస్తుంది, ఏం చేయదు

మేము ఎంచుకున్నది ఫిఫ్టీవన్. ఫొటోల, వీడియోల డేటాసెట్లను వెతికి చూసుకోవడానికి వాక్సెల్51 అనే సంస్థ 2020లో విడుదల చేసిన ఈ పైథాన్ పనిముట్టు ఓపెన్ సోర్సు, అంటే దాని కోడు అందరికీ తెరిచి ఉంటుంది. దీని గురించి పరిచయ వ్యాసాలు చాలా ఉన్నాయి, వాటిని మళ్లీ రాయను. నాకు నచ్చిన అసలు సంగతి దాని లోపలి నడవడిక. అది ఫొటోను తనలోకి తీసుకోదు. ఫైలు ఎక్కడుందో ఆ చిరునామా, దాని లేబుళ్లు, గుర్తులు, కొలతలు మాత్రం మాంగోడీబీ అనే డేటాబేసులో రాసుకుంటుంది. పై ముడత తెగులు ఉన్నవి, లేబుళ్లు వేసిన ఇద్దరి మధ్య తేడా వచ్చినవి, ఫలానా రైతు పొలానివి అని అడిగితే అప్పటికప్పుడు ఒక చూపు (అడిగిన ఫొటోల వరకే ఉన్న జాబితా) తయారు చేసి, ఆ చూపుకు పేరు పెట్టి దాచుకోనిస్తుంది. ఫైళ్లను ఎవరూ ముట్టుకోనక్కర లేదు. నేను పైన చెప్పిన సిద్ధాంతం దాని కట్టడంలోనే ఉంది.

క్లౌడ్ చిరునామాను నేరుగా రాసుకుని, అవసరమైనప్పుడు తెచ్చుకుని, స్థానికంగా కొంత దాచుకునే సౌకర్యం దాని చెల్లింపు వెర్షనులో ఉంది. ఓపెన్ సోర్సు వెర్షను డిస్కు మీద దారినే అడుగుతుంది. మాది చిన్న బృందం, చెల్లింపు వెర్షను మా వల్ల కాదు. అందుకని బకెట్‌ను యంత్రానికి ఒక ఫోల్డరులా తగిలించే మార్గం పట్టాము. అమెజాన్ వారు 2023లో మౌంట్‌పాయింట్ అనే దాన్ని పూర్తిస్థాయిలో విడుదల చేశారు, గూగుల్ నిల్వకు కూడా ఇటువంటిదే ఉంది. ఇందులో మేము పెట్టుకున్న నియమాలు రెండే. ప్రతి యంత్రంలోనూ బకెట్ ఒకే దారి పేరుతో తగలాలి. ఎక్కడ తగిలించినా చదవడానికి మాత్రమే అనుమతి ఉండాలి. ఫిఫ్టీవన్ పూర్తి దారిని రాసుకుంటుంది కాబట్టి మొదటి నియమం తప్పితే ఒకరు కట్టిన పట్టిక ఇంకొకరి దగ్గర తెరిస్తే అన్నీ ఖాళీ గడులే కనిపిస్తాయి. మాకు మొదటి వారం అలాగే జరిగింది.

ఇంకొక సాయంత్రం జరిగినది అంతకన్నా బాధ కలిగించింది. మా వ్యవసాయ శాస్త్రవేత్త మేడమ్ నాలుగు గంటలు కూర్చుని, అనుమానం ఉన్న ఫొటోలన్నింటికీ ఓపికగా గుర్తులు వేశారు. మరునాడు ఆ డేటాసెట్ లేదు. ఫిఫ్టీవన్‌లో కొత్తగా చేసిన డేటాసెట్ తాత్కాలికమే. దాన్ని నిలిచి ఉండమని మనం ఒక మాట చెప్పాలి. ఆ సంగతి పత్రాలలో స్పష్టంగానే రాసి ఉంది, చెప్పవలసిన మాట చెప్పనిది నేనే. ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "మళ్లీ వేద్దాం లెండి" అని కూర్చున్నారు. ఆ నాలుగు గంటలు నా లెక్కలో ఇప్పటికీ అప్పుగానే ఉన్నాయి.

తెర మీద వేల బొమ్మలు ఒకేసారి చూడాలంటే అసలు ఫొటోలను బకెట్ నుంచి లాగడం దండగ. చిన్న బొమ్మలను వేరే బకెట్‌లో తయారు చేసి పెట్టి, గడులలో వాటిని చూపించు, తెరిచినప్పుడు మాత్రం అసలుది చూపించు అని ఈ పనిముట్టుకు చెప్పవచ్చు. ఈ చిన్న బొమ్మలు ఎప్పుడైనా చెరిపి మళ్లీ చేసుకోదగినవి. అసలు ఫొటోలకూ వీటికీ ఉన్న ఈ తేడాను మేము ముందు గుర్తించకపోవడం వల్ల ఏమైందో చెప్పాలి.

పై ముడత, కింది ముడత

మిరపలో ఆకు అంచులు పైకి ముడుచుకుంటే రైతులు పై ముడత అంటారు, అది తామర పురుగుల పని. కిందికి ముడుచుకుంటే కింది ముడత, అది తెల్లనల్లి పని. రెండింటికీ కొట్టవలసిన మందులు వేరు. 2021లో నల్ల తామర పురుగు వచ్చి రెండు రాష్ట్రాల మిరపనూ దెబ్బతీసిన తరువాత ఈ తేడాను త్వరగా తేల్చి చెప్పాలన్నదే మా పని మొదలుపెట్టడానికి కారణం. అటువంటి చోట మా మోడల్ కొన్ని ఫొటోలలో పై ముడతను కింది ముడత అని, కింది ముడతను పై ముడత అని తిరగేసి చెబుతోంది. లేబుళ్లు తప్పేమోనని మేడమ్‌తో రెండుసార్లు చూపించాము. ఆమె వేసినవి సరిగ్గానే ఉన్నాయి.

కారణం సైజు తగ్గించిన కాపీలో దొరికింది. ఫోనును అడ్డంగా పట్టుకుని ఫొటో తీసేటప్పుడు కొందరు ఎడమకు, కొందరు కుడికి తిప్పుతారు. ఫోను ఫొటోను ఒకే తీరుగా రాసి, "ఇది తలకిందులుగా ఉంది, చూపేటప్పుడు తిప్పు" అని ఫైలులో ఒక గుర్తు పెడుతుంది. బ్రౌజరు ఆ గుర్తును చదివి సరిగ్గా చూపిస్తుంది. సైజు తగ్గించిన మా ప్రోగ్రాము దాన్ని చదవలేదు, కొత్త ఫైలులో ఆ గుర్తును రాయనూ లేదు. పక్క నుంచి తీసిన ఆకు తలకిందులైతే పై ముడత కింది ముడతలాగే కనిపిస్తుంది. మేడమ్ చూసిన ఫొటో వేరు, మోడల్ చూసిన ఫొటో వేరు. రెండింటి పేరూ ఒకటే.

ఒక అసలు ఫైలు, దానికొక స్థిరమైన పేరు, దాని నుంచి చేసిన ప్రతి దానికీ "ఇది ఫలానా దాని నుంచి, ఫలానా ప్రోగ్రాముతో చేసినది" అన్న వరుస పట్టికలో ఉండి ఉంటే ఈ తప్పు ఒక పూటలో దొరికేది. మాకు పదకొండు రోజులు పట్టింది. కాపీ చేయడం వల్ల నష్టం డిస్కులో చోటు పోవడమే అనుకునేవారికి నేను ఈ కథే చెబుతున్నాను.

వీడియో వేరే జాతి

ఫొటోల కోసం చేసిన అమరికే వీడియోకూ సరిపోతుందని నేను అనుకున్నాను. కొంత సరిపోయింది, ఎక్కువ భాగం సరిపోలేదు. మా వాళ్లు సాళ్ల వెంట నడుస్తూ రెండు మూడు నిమిషాల వీడియోలు తీస్తారు. ఎంపీ4 వీడియో ఫైలులో ఏ ఫ్రేము, అంటే వీడియోలోని ఏ ఒక్క బొమ్మ, ఎక్కడుందో చెప్పే సూచిక ఒకటి ఉంటుంది. ఫోన్లు సాధారణంగా దాన్ని రికార్డింగు ముగిశాక చివర రాస్తాయి. డిస్కు మీద ఇది పట్టింపు కాదు. బకెట్ నుంచి చదివేటప్పుడు మాత్రం ముందు మొదలు చదివి, తరువాత చివరికి వెళ్లి సూచిక తెచ్చుకుని, మళ్లీ వెనక్కి రావాలి. ముక్కలుగా అడగడం తెలియని ప్రోగ్రామైతే మొత్తం ఫైలు దించుకుంటుంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియో పనిముట్టుతో ఆ సూచికను ముందుకు తేవచ్చు, బొమ్మ నాణ్యతకు ఏమీ కాదు.

కానీ అలా చేస్తే బైట్లు మారతాయి, హ్యాష్ మారుతుంది. ఫైలును ముట్టుకోకూడదన్న నా నియమం ఇక్కడ నాకే అడ్డం వచ్చింది. అసలు వీడియోను అలాగే ఉంచి, సూచిక ముందుకు తెచ్చిన దాన్ని తయారు చేసిన ఫైళ్ల బకెట్‌లో పెట్టి, పట్టికలో రెండింటినీ కలిపాము. కొత్త ఫోన్లు హెచ్.265 అనే కుదింపు పద్ధతిలో తీసే వీడియోలు కొన్ని బ్రౌజర్లలో ఆడవు కాబట్టి, పాత పద్ధతి అయిన హెచ్.264లోకి మార్చినవి కూడా అక్కడే చేరాయి. దీనివల్ల వీడియోకు దాదాపు రెట్టింపు చోటు పోతోంది. ఇది నా వాదనకు తగిలే నిజమైన ఖర్చు, దాన్ని దాచను. ఎక్కువ కాలం ముట్టుకోని అసలు వీడియోలను చౌక తరగతి నిల్వకు పంపుతున్నాము. అందులోనూ జాగ్రత్త అవసరం. ఎస్3లోని అత్యంత చౌకైన తరగతి నుంచి ఫైలు తిరిగి రావడానికి మామూలుగా 12 గంటల వరకు పడుతుంది. తరచుగా చదవని ఫైళ్లకని ఇచ్చే మరో తరగతిలో 128 కిలోబైట్ల కన్నా చిన్న ఫైలుకు కూడా 128 కిలోబైట్ల లెక్కే కడతారు. కాబట్టి చిన్న బొమ్మలను అక్కడికి పంపితే ఆదా ఉండదు.

ఫ్రేముల సంఖ్య దగ్గర ఇంకొక చిక్కు వచ్చింది. ఫిఫ్టీవన్ మొదటి ఫ్రేమును ఒకటి అంటుంది, వీడియోలు చదవడానికి వాడే ఓపెన్‌సీవీ సున్నా అంటుంది. ఒక్క ఫ్రేము తేడా కంటికి ఆనదు. ప్రతి వీడియోలోనూ చివరి ఫ్రేముకు లేబుల్ లేకపోవడం చూసిన తరువాతే మాకు అనుమానం వచ్చింది. ఫోన్లు తీసే వీడియోలో సెకనుకు ఫ్రేముల సంఖ్య స్థిరంగా ఉండదు కాబట్టి, ఫ్రేము సంఖ్యను ముప్పైతో భాగించి సమయం కట్టడం కూడా మానుకున్నాము.

జనవరి ఫలితం గుట్టు వీడియోల దగ్గరే తెలిసింది. వీడియోల నుంచి తీసిన ఫ్రేములను అప్పట్లో ఫొటోలతో కలిపేసి, పేర్లు మార్చి, చీట్లు తీసినట్టు శిక్షణకూ పరీక్షకూ పంచారు. పక్కపక్కన ఉన్న రెండు ఫ్రేములలో ఒకటి శిక్షణలో, ఒకటి పరీక్షలో పడింది. అంటే మోడల్ ముందే చూసిన మొక్క మీదే దానికి పరీక్ష పెట్టాము. ఏప్రిల్‌లో ఒకరు పొలాల వారీగా పంచారు, అప్పుడు అసలు స్థాయి కనిపించింది. ఏ ఫ్రేము ఏ వీడియో నుంచి వచ్చిందో పేర్లు మార్చినప్పుడే పోయింది. ఫిఫ్టీవన్‌లో పోలిక లెక్కతో దగ్గరి జంటలను వెతికి, ఆ బంధాన్ని ఒక్కొక్కటిగా తిరిగి కట్టుకున్నాము. జనవరి నివేదికను మేము వెనక్కి తీసుకుని, కారణం రాసి, తక్కువ అంకెతో కొత్తది పంపాము.

నాకే వచ్చిన సందేహాలు

ఒక మిత్రుడు గట్టి అభ్యంతరం చెప్పాడు. "చిరునామాలే డేటాసెట్ అంటున్నావు. చిరునామా చచ్చిపోతే?" అన్నాడు. అతని మాటలో పస ఉంది. 2017లో వచ్చిన కైనెటిక్స్ డేటాసెట్ యూట్యూబ్ వీడియోల చిరునామాలతో చేసినది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ వీడియోలు ఒక్కొక్కటిగా మాయమవుతూ వచ్చాయి, ఇద్దరు పరిశోధకుల దగ్గర ఒకే డేటాసెట్ ఉందని చెప్పలేని స్థితి వచ్చింది. 2022లో వచ్చిన లయాన్-5బీ కూడా వందల కోట్ల బొమ్మల చిరునామాల జాబితానే. అందులో పిల్లలపై అకృత్యాల బొమ్మలకు దారితీసే చిరునామాలు ఉన్నాయని 2023 డిసెంబరులో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు బయటపెట్టడంతో దాన్ని వెనక్కి తీసుకున్నారు, 2024లో శుభ్రం చేసిన జాబితా విడుదల చేశారు. నేను చెబుతున్నది ఇతరుల ఇంటి చిరునామాలు రాసుకోమని కాదు. ఫైలు మన బకెట్‌లో, మన చేతిలో ఉండాలి. పేరు మారదని మాట ఇవ్వగలిగిన చోటి చిరునామానే పట్టికలోకి ఎక్కాలి.

రెండో అభ్యంతరం వేగానిది, ఇది ఇంకా బలమైనది. శిక్షణ సమయంలో లక్ష చిన్న ఫైళ్లను ఒక్కొక్కటిగా నెట్ మీద తెచ్చుకుంటే గంటకు ఇంత అని అద్దె కట్టే జీపీయూ (శిక్షణ లెక్కలు చేసే చిప్పు) సగం సేపు ఊరికే కూర్చుంటుంది. దీనికి జవాబు కాపీ చేయడమే, నేను దాన్ని కాదనను. పట్టికలోని ఒక చూపు నుంచి వెబ్‌డేటాసెట్ పద్ధతిలో పెద్ద టార్ మూటలు (చాలా ఫైళ్లను ఒకటిగా కట్టినవి) కట్టి శిక్షణ యంత్రం డిస్కుకు పంపుతాము. ఆ మూట మీద పట్టిక వెర్షను రాసి ఉంటుంది. శిక్షణ ముగిశాక మూటను పారేస్తాము. పారేయడానికి భయపడని కాపీ వల్ల ప్రమాదం లేదు, "ఉండనీ, ఎందుకైనా మంచిది" అని దాచుకున్న కాపీతోనే చిక్కు.

డబ్బు సంగతి త్వరగా చెప్పి ముగిస్తాను. ముంబై ప్రాంతంలోని ఎస్3 నుంచి బయటి నెట్‌కు తీసుకెళ్లే డేటాకు, నెలకు ఉచితంగా ఇచ్చే 100 జీబీ దాటాక, జీబీకి దాదాపు 11 సెంట్లు పడుతుంది. ఒక టెరాబైటును ఒక లాప్‌టాప్‌కు దించుకుంటే వంద డాలర్ల దగ్గరకు వస్తుంది, ఐదుగురు దించుకుంటే ఐదింతలు. అదే ప్రాంతంలో ఉన్న అదే సంస్థ యంత్రానికి చదివితే ఈ ఖర్చు ఉండదు. 2022 నవంబరు నుంచి హైదరాబాద్ ప్రాంతం కూడా ఉంది. బకెట్ ఎక్కడో యంత్రం అక్కడే ఉండాలి. చవకగా దొరికిందని జీపీయూను మరో చోట అద్దెకు తీసుకుని మేము కొన్ని వారాలు ఈ సంగతి మరిచిపోయాము.

మూడో సందేహం ఎవరూ అడగలేదు, ఒక రైతు మాటతో నాకే వచ్చింది. పొలంలో తీసిన ఒక వీడియోలో కూలీలకు నీళ్లు తెస్తున్న ఆయన కూతురు కనిపించింది. ఆయన మా సిబ్బందితో, "బాబూ, మా అమ్మాయి పడిన ఫొటో మాత్రం తీసెయ్యండి" అని కోరాడు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో డేటా చెరిపించుకునే హక్కు రాసి ఉంది. చట్టం లేకపోయినా చేయవలసిన పనే. ఐదు కాపీలు ఉన్న రోజుల్లో ఆయనకు నేను మాట ఇచ్చి ఉంటే అది అబద్ధమయ్యేది. ఇప్పుడు పట్టికలో ఆ వీడియో వరుస చూస్తే దాని నుంచి పుట్టిన ఫ్రేములు, చిన్న బొమ్మలు అన్నీ తెలుస్తాయి. ఇక్కడ కూడా ఒక మెలిక ఉంది. పొరపాటున చెరిగిపోకుండా బకెట్‌లో పాత వెర్షన్లు నిలిపే ఏర్పాటు పెట్టుకుంటే, చెరిపివేత ఒక గుర్తు మాత్రమే పెడుతుంది, అసలు బైట్లు లోపలే ఉంటాయి. ఆ వెర్షన్లను కూడా పేరుపేరునా తీసేయాలి. మేము తీసేశాము. ఆ ఫ్రేములతో ఇదివరకే నేర్చుకున్న మోడల్‌ను ఏం చేయాలన్నది మాత్రం ఇంకా తేల్చుకోలేదు. మళ్లీ శిక్షణ ఇవ్వాలనే నా అభిప్రాయం.

పట్టికకు కాపలా

బకెట్ మన్నిక గురించి అమెజాన్ చెప్పే లెక్కలో తొమ్మిది అంకె పదకొండు సార్లు వస్తుంది (99.999999999 శాతం). ఫొటోలను అంత భద్రమైన చోట పెట్టి, వాటి లేబుళ్లను ఒకే ఒక యంత్రంలోని మాంగోడీబీలో వదిలేసిన వారిని నేను చూశాను, మేమూ అలాగే చేశాము. ఆలోచిస్తే విలువ తలకిందులుగా ఉంది. మిరప ఆకు ఫొటో వచ్చే ఏడు మళ్లీ తీసుకోవచ్చు. ముప్పై ఏళ్లు పొలాల్లో తిరిగిన శాస్త్రవేత్త ఒక్కో ఆకును చూసి చెప్పిన మాట మళ్లీ దొరకదు. ఇప్పుడు ప్రతి రాత్రి ఫిఫ్టీవన్ నుంచి ఫైళ్లు లేకుండా పట్టికను మాత్రం జేసన్ అనే అక్షరాల ఫైలుగా దించి, తేదీ వేసి, వేరే ఖాతాలోని బకెట్‌లో పెడుతున్నాము. అది మొత్తం ఒక పెద్ద వీడియో అంత కూడా ఉండదు. శిక్షణ నడిచిన ప్రతిసారీ ఏ తేదీ పట్టిక, ఏ చూపు అన్నవి ఫలితంతో పాటు రాస్తున్నాము.

అనుమతులు కూడా పట్టికను బట్టే పంచాము. క్షేత్ర సిబ్బంది ఫోనులోని యాప్ కొత్త ఫైలు రాయగలదు, ఉన్నదాన్ని చదవలేదు. లేబుళ్లు వేసేవారు చదవగలరు, రాయలేరు. బయటి వారికి చూపించవలసి వస్తే కాలపరిమితి ఉన్న సంతకపు లింకు ఇస్తాము. ఎస్3లో అది గరిష్ఠంగా ఏడు రోజులు పని చేస్తుంది. ఆ లింకును పట్టికలో చిరునామాగా రాయకూడదు. రాస్తే ఎనిమిదో రోజు డేటాసెట్ మొత్తం చీకటి గడులవుతుంది.

ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు గత శుక్రవారం ఇచ్చాను. జనవరిలో వాడిన ఫొటోలలో ఎక్కువ భాగాన్ని హ్యాష్‌తో, మరికొన్నింటిని పోలికతో గుర్తుపట్టగలిగాము. కొన్ని వందలు మాత్రం ఎక్కడా దొరకలేదు. పాత శిక్షణ నమోదులో వాటి పేర్లు మాత్రమే మిగిలాయి. వాటిని జాబితాలోంచి తీసేస్తే లెక్క శుభ్రంగా ఉంటుందని ఒకరు అన్నారు. తీసేయలేదు. ఆ పేర్లన్నింటికీ పట్టికలో వరుసలు కట్టి, చిరునామా గడిని ఖాళీగా ఉంచి, పక్కన "ఫైలు లేదు" అని రాయించాను.